గొర్రెపెట్టె మామ

మా మైక్‌సెట్ మామ పోయినాడు. రెండు వారాల కిందట సోమవారం పొద్దున బడి తలుపులు తీసి, లైట్ల గదిలో నేల తుడుస్తాంటే ఫోన్ మోగింది. తెర మీద మామ నంబరే. నేను హలో గూడ అనకుండా, రెండో పెడలు మళ్ళా ఇరుక్కుంటాండాది, బిన్నే రా మామా అని మొదలుపెట్టినా. అవతల ఉన్నది అత్త. "మీ మామ పొద్దున లేయల్యా టీచరమ్మా" అనింది. నేను పెడలు సంగతే ఇంకోసారి చెప్పినా. ఆమె మాట చెవిలో పడింది గానీ బుర్రకెక్కలేదు. రెండోసారి ఆమె ఇంకా నిదానంగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. అంతే, నేల గుడ్డ అట్లే పట్టుకోని గార్లదిన్నె వీధుల్లో నడిచిపోయినా. వాళ్ళింటి ముందర నిలబడినాక గానీ చేతిలో తడిగుడ్డ ఉన్నట్టు తెలీలేదు.

ఇది ఒకచోట కూర్చోని రాసేది నాతో అయ్యేట్టు లేదు. నాలుగు మాటలు రాస్తా, లేచిపోయి ఏదో ఒక స్విచ్చి వేసి చూస్తా, మళ్ళా వస్తా. చదివేవాళ్ళు కొంచెం ఓర్చుకోవాల. మామ ఉంటే నవ్వేవాడు. "గదికి తొందర లేదు టీచరమ్మా, నీకే తొందర" అని మూడేండ్లుగా అంటానే ఉన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు అనేవాళ్ళు లేరని మండుతాంది.

నా ఆత్రానికి ఇంకో కారణం గూడ ఉండాది. మా బడిలో హారిక అని తొమ్మిదేండ్ల పాప. మాట రాదు. ముదిగుబ్బ నుంచి రెండు బస్సులు మారి, వాళ్ళమ్మ ఓబులమ్మ మంగళవారం, శుక్రవారం తీసుకోనొస్తాది. మామ చేసిన గదిలో తప్ప ఆ పిల్ల యాడా నిలకడగా కూర్చునేది కాదు. మామ పోయినాక గది గడప దాటేది మానేసింది. మళ్ళా తల గోడకు కొట్టుకునేది మొదలుపెట్టింది. "ఇట్లయితే మళ్ళా కట్టేయాల్సిందేనేమో మేడం" అని ఓబులమ్మ అన్నప్పటి నుంచి నాకు అన్నం సరిగ్గా దిగలేదు. ఆ సంగతికి వస్తా. ముందు మామ గురించి చెప్పనీండి.

మామ నాకు చుట్టం కాదు. ఊరంతా మామా అంటాంటే నేనూ అన్నా. పెండ్లయినా, తిరునాళ్ళయినా, నాటకమయినా ఆయప్ప మైకులే. నాలుగు నల్ల హారన్లు, ట్యూబులైట్లు, రంగురంగుల సీరియల్ బల్బులు, అన్నీ ఒక మోపెడ్డు మీద కట్టుకోని తిరిగేవాడంట. హారను మూతి ఏ పక్కకు తిప్పితే ఏ ఊరికి వినపడ్తాదో, ఏ పక్కకు తిప్పితే ముసిలోళ్ళు తిడతారో ఆయప్పకు లెక్క. డీజేలు వచ్చినాక మామను పిలిచేవాళ్ళు తగ్గిపోయినారు. నేను ఈ ఊరు వచ్చేటప్పటికి ఫ్యాన్లు, మిక్సీలు రిపేరు చేసుకుంటా ఉన్నాడు. తెల్ల చొక్కా, జేబులో పసుప్పచ్చ పిడి ఉన్న టెస్టర్, చంకలో జీన్సు సంచి. ఎండకు మాడిన మొహంలో నవ్వు మాత్రం తెల్లగా ఉండేది.

శవం ముందర తప్పెట్లు పెట్టల్నా, మైకు పెట్టల్నా అని బంధువులు ఆ పొద్దు గుసగుసలాడుతుంటే అత్త తలెత్తింది. "ముప్పై ఏండ్లు ఆ మోతలోనే కాపురం చేసినా. ఈ ఒక్క పొద్దు ఊరికే ఉండనీండప్పా" అనింది. అందరూ ఊరికే ఉన్నారు. ఊర్లో ప్రతి ఇంటి మంచికీ చెడ్డకూ మోగిన హారన్లు వసారాలో మూతి గోడకు తిప్పుకోని ఉన్నాయి.

నా పని గురించి గూడ చెప్పాల, లేకుంటే మామ చేసిందేందో మీకు అర్థం కాదు. పాత శనక్కాయల గోదాములో చిన్న బడి మాది. రేకుల కప్పు. వచ్చే పిల్లల్లో కొందరికి మాట రాదు, కొందరికి చూపు ఒకచోట నిలవదు, కొందరికి మనం పట్టించుకోని చిన్న మోత గూడ సూదితో పొడిచినట్టు ఉంటాది. ఇట్లాంటి పిల్లల కోసం వెలుగుతో, శబ్దంతో ఒక గది చేస్తారని నేను బెంగళూరులో చదువుకునేటప్పుడు చూసినా. తాకితే వెలిగే గోడ, అడుగేస్తే పలికే నేల. బయట లోకం ఆ పిల్లల్ని తోస్తానే ఉంటాది. ఆ గది ఒక్కటే వాళ్ళు చెప్పినట్టు వింటాది. అట్లాంటి గది మా గోదాములో పెట్టాలని నాకు పట్టుదల. వైర్లు లాగే మనిషి కావాలంటే మామను చూపించినారు.

మొదటి రోజు నేను తెచ్చిన సామానంతా మామ ముందర పరిచినా. లైట్ల పట్టీలు, స్పీకర్లు, అరగంట సేపు దానంతట అదే రంగులు మారుస్తా పాటలు వాయించే డబ్బా. మామ ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ఎవరు మీటుతారు?" అని అడిగినాడు. ఎవరూ మీటాల్సిన పన్లేదు మామా, అదే నడుస్తాది అని గొప్పగా చెప్పినా. మామ దాన్ని మెల్లగా కింద పెట్టి, "అట్లయితే అది నా మైక్‌సెట్టే కదమ్మా. ఊరు వద్దన్నా వినాల్సిందే. బిడ్డ మీటాల, గది పలకాల. గది ముందు పలికితే బిడ్డకేం పని?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. సర్టిఫికెట్టు ఉండేది నాకు. ఇంత పుస్తకం చదువుకోని వస్తే వైర్లు లాగేటాయన నాకు పాఠం చెప్పేదేందని మనసులో అనుకున్నా. ఆ డబ్బానే పెట్టించినా. దాని బాగోతం నెల తిరక్కముందే బయటపడింది.

పిల్లల్ని నెమ్మదిపరిచే శబ్దాలని నా దగ్గర ఒక పట్టీ ఉండేది. మొదట సముద్రపు అలలు పెట్టినా. బయట వసారాలో కూర్చున్న తల్లులు, రోడ్డు మీద ఇన్ని లారీలు పోతాండాయేమని లేచి చూసినారు. సరేలే అని మర్నాడు వాన శబ్దం పెట్టినా. అది శనక్కాయ పీకి కుప్పలేసిన కాలం. రేకుల కింద స్పీకర్లు, సౌండు కొంచెం ఎక్కువే పెట్టినానేమో, నిజంగానే రేకుల మీద జోరువాన పడ్తాండేట్టు మోగింది. అంతే, వసారాలో ఒక్క తల్లి లేదు. అందరూ రోడ్డు మీద. మొగం పైకెత్తి ఒకామె, చెయ్యి చాపి ఒకామె. ఓబులమ్మ అయితే మొగునికి ఫోన్ చేసి కుప్ప మీద పట్ట కప్పు, పట్ట కప్పు అని అరుస్తాంది. తల్లులు పరిగెత్తేది కిటికీలో చూసి లోపల పిల్లలంతా ఒక్కటే ఏడుపు. ఆకాశంలో చూస్తే ఒక్క మబ్బు లేదు.

మామ నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నాడు. నవ్వు ఆగినాక మాత్రం నా పక్కకొచ్చి నెమ్మదిగా చెప్పినాడు. ఈ సీమలో వాన మోత చేసి వాన లేదనిపిస్తే, ఆ తల్లులు ఇంగ మన గదిని నమ్మరమ్మా అని. తల్లి నమ్మని చోట బిడ్డ కాలు పెట్టదని. ఆ మాపే వాన తీసేసినా. వారం తర్వాత డబ్బా గూడ తీసి అటకెక్కించినా. అది ఇప్పటికీ ఆడే ఉండాది, దుమ్ము పట్టి.

ఇప్పుడే లేచిపోయి రెండో పెడలు తొక్కి చూసొచ్చినా. ఇంకా ఇరుక్కుంటానే ఉండాది.

ఈ పెడళ్ళ కథ గూడ మామదే. రాయదుర్గంలో జీన్సు కుట్టే షాపుల్లో ఆయప్పకు ఒక స్నేహితుడు ఉండేవాడు. బస్సెక్కి పోయి, మోటారు కుట్టుమిషన్ల కాలిపెడళ్ళు పాతవి ఒక గోతం నిండా ఎత్తుకోనొచ్చినాడు. కొంచెం తొక్కితే కొంచెం, గట్టిగా తొక్కితే ఎక్కువ, అదీ దాని గుణం. వాటిని బ్యాటరీ మీదికి మార్చి లైట్లకు తగిలించినాడు. పిల్ల మెల్లగా కాలు పెడితే గోడ మీద వెలుగు మెల్లగా పైకి పాకుతాది, కాలు తీస్తే దిగిపోతాది. కాళ్ళు కదలని పిల్లల కోసం ఒక చిన్న మైకు పెట్టినాడు. వాళ్ళు ఊఁ అన్నా, ఆఁ అన్నా, కప్పు మీద లైటు విచ్చుకుంటాది. సీరియల్ బల్బుల మాదిరి గబగబా వెలిగి ఆరేది ఒక్కటి గూడ పెట్టలేదు. "కండ్లకు గూడ ఆకలైతాది టీచరమ్మా, కానీ గబగబా పెడితే కక్కుకుంటాయి" అనేవాడు. జీవితమంతా గబగబా వెలిగే బల్బులు కట్టిన మనిషి ఆ మాట అంటాంటే నాకు ఆశ్చర్యంగా ఉండేది. గోడలకు పిల్లలు గుద్దుకోకుండా జీన్సు ముక్కలు అత్తతో కుట్టించి, లోపల దూది కూరినాడు. అందుకే మా గదిలో గోడలన్నీ నీలం.

అయితే ఆయప్ప పని పద్ధతి నాకు ససేమిరా నచ్చేది కాదు. ప్రతి పిల్ల ఇంటికీ పోవాలంటాడు. పోయి ఏం అడగడు. మంచం మీద కూర్చుంటాడు, ఇచ్చిన టీ తాగుతాడు, సగం పొద్దు చూస్తా ఉంటాడు. నేను ఫారాలు పట్టుకోని ప్రశ్నలు అడుగుతాంటే, ఆ కాగితాలు మడిచి పెట్టమ్మా, పిల్ల నిన్ను చూడల్నా, కాగితాన్ని చూడల్నా అనేవాడు.

అట్లే ఒక మాపు హారిక వాళ్ళింటికి పోయినాం. ముదిగుబ్బ దాటినాక మట్టిదోవ. వాళ్ళది గొర్రెల సంసారం. మేం పోయేటప్పటికి ఆ పిల్ల కాలికి చీర పీలిక కట్టి, రెండో కొస మంచం కోడుకు కట్టి ఉంది. ఓబులమ్మ మమ్మల్ని చూసి సిగ్గుతో గబగబా ముడి విప్పింది. కట్టకుంటే బాయి పక్కకు పోతాది మేడం, గోడకు తల కొట్టుకుంటాది, నేను గొర్రెలెనకాల పోవాల, ఎవరు చూస్తారు చెప్పండని ఏడ్చింది. పుస్తకాల్లో చదివినవన్నీ ఆ మంచం కోడు దగ్గర ఎందుకూ పనికిరాలేదు.

మామ మాత్రం ఆ పిల్లనే చూస్తా ఉన్నాడు. గొర్రెలు దొడ్లోకి వచ్చి పడుకున్నాక, హారిక తిన్నగా పోయి ఒక ముసలి గొర్రె పక్కన పడుకునింది. చెంప దాని పొట్ట మీద పెట్టింది. గొర్రె నెమరేస్తాంది. ఆ పిల్ల కదలకుండా, మెదలకుండా, కండ్లు సగం మూసుకోని అట్లే ఉండిపోయింది. అంతసేపు ఆ పిల్ల నిమ్మళంగా ఉండేది నేను అదే చూడడం. రోజూ ఇంతే మేడం, లేపితే ఏడుస్తాదని ఓబులమ్మ చెప్పింది. మామ లేచిపోయి ఇంకో గొర్రె పక్కన కూర్చోని, దాని పొట్ట మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు అట్లే ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆ అరచేతినే చూసుకుంటా వచ్చినాడు.

వారానికి మామ ఒక చెక్కపెట్టె తెచ్చినాడు. లోపల పెద్ద స్పీకరు, పైన దూది పరుపు, దాని మీద పాత కంబళి. పెడలు తొక్కితే శబ్దం దాదాపు రాదు. చెయ్యి పెడితే తెలుస్తాది. లోపల ఏదో మెల్లగా, బరువుగా, ఆగి ఆగి కదులుతాండేట్టు ఉంటాది. హారిక మొదటిరోజు దాని చుట్టూ తిరిగింది, వాసన చూసింది, కాలితో తన్నింది. మూడోసారి వచ్చినప్పుడు పెడలు మీద కాలు పెట్టి, కంబళి మీద చెంప పెట్టి పడుకునింది. వసారాలో నుంచి ఓబులమ్మ చూసి కొంగు నోట్లో కుక్కుకునింది. అప్పటి నుంచి పిల్లలందరికీ అది గొర్రెపెట్టె. అట్లాంటి పెట్టెనే చిన్నది ఇంకొకటి వాళ్ళింటికి గూడ చేసిచ్చినాడు. నెల తర్వాత ఓబులమ్మ, చీర పీలిక తీసి పారేసినాను మేడం అని చెప్పింది.

ఇంగ నేను చేసిన పని చెప్పాల. దీనికోసమే ఇంతసేపు లేస్తా కూర్చుంటా ఉన్నట్టున్నా.

ఎండాకాలం మొదట్లో హారిక ఉన్నట్టుండి గదిలో కేకలు పెట్టేది మొదలుపెట్టింది. లైట్లు తగ్గించినప్పుడల్లా చెవులు మూసుకోని అరిచేది. గమనిస్తే, లైట్లు తగ్గించే డబ్బా లోపల నుంచి దోమ పాడినట్టు సన్న మోత వస్తాంది. మామకు చెప్పినా. మామ డబ్బా విప్పి, చూసి, ఏం మోత లేదు టీచరమ్మా అన్నాడు. మళ్ళా వారం అదే. మోత ఉందంటే లేదంటాడు. ఒక శుక్రవారం పిల్ల గోడకు తల కొట్టుకోని నెత్తురు వచ్చింది. నాకు పిచ్చి లేచింది. తల్లులందరి ముందర, "ఇంత మోత వినపడలేదా మామా? చెవుడా నీకు?" అని అరిచినా.

మామ నా నోటి వైపే చూస్తా ఉన్నాడు. కోపం రాలేదు ఆయప్పకు. చిన్నగా నవ్వి, టెస్టర్ జేబులో పెట్టుకోని, సంచి చంకలో పెట్టుకోని, "వస్తా టీచరమ్మా" అని పోయినాడు. మూడు రోజులు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎత్తకపోతే మానెలే అనుకోని నేనూ పంతానికి పోయినా.

మంగళవారం పొద్దున్నే వచ్చి వసారా మెట్టు మీద కూర్చున్నాడు. నేను ఏం మాట్లాడకముందే తనే చెప్పినాడు. "నువ్వు అనిందే నిజం టీచరమ్మా. ఎడమ చెవి పోయి ఐదేండ్లాయ. కుడిదానికి సన్న మోతలు పట్టవు. హారన్ల కిందనే బతికితిని, అవే తినేసినాయి. మైకులాయనకు చెవుడంటే ఎవరు పిలుస్తారు? తెలిసుంటే నువ్వు పిలుస్తుంటివా?"

పిలిచేదాన్ని కాదు. అది మామకు తెలుసు, నాకు తెలుసు. శబ్దాల గదికి చెవిటాయన్ని పెట్టుకునేంత మనసు నాకు అప్పుడు లేదు. తప్పయిపోయింది మామా అనే మాట గొంతు దాకా వచ్చింది. మా ఇంట్లో ఆ మాట అనే అలవాటు ఎవరికీ లేదు. లోపలికి పోయి టీ పెట్టుకోనొచ్చి చేతికిచ్చినా. చక్కెర రెండు చెంచాలు ఎక్కువ వేసినా. మామ తాగి, తియ్యగా ఉండాదే అన్నాడు. అంతటితో అయిపోయిందని నేను అనుకున్నా. అయిపోలేదని ఇప్పుడు తెలుస్తాంది.

ఆ పొద్దు హారిక వచ్చినాక మామ ఆ పిల్ల వెనకాలే గదిలోకి పోయినాడు. ఆ పిల్ల చెయ్యి ఏ చెవి మీదికి పోతే ఆ పక్కన ఉన్న పెట్టె మీద, డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూసినాడు. లైట్ల డబ్బా దొరికింది. మార్చినాడు. కిటికీ పక్కన స్పీకరులో ఒక మర వదులయ్యింది, అదీ దొరికింది. నా పక్కకు తిరిగి, "ఈ పాపకు ఎక్కువ వినపడ్తాది, నాకు తక్కువ వినపడ్తాది. ఇద్దరం కలిస్తే ఒక మంచి చెవి" అన్నాడు. ఇంత పెద్ద రహస్యం బయటపెట్టిన మనిషి మొహంలో ఎంత తేలిక ఉండాదో మీరు చూసుండాల్సింది.

అప్పటి నుంచి మంగళవారం, శుక్రవారం వాళ్ళిద్దరిదీ ఒక పద్ధతి. మొదటి పావుగంట గదిలోకి ఇంకెవరూ రాగూడదు. పిల్ల ముందర, మామ వెనకాల. యాడన్నా ఆ పిల్ల ఆగి చెవి మీద చెయ్యి పెడితే, మామ మోకాళ్ళ మీద కూర్చోని ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించేవాడు. తల ఊపేవాడు. పిల్ల వైపు చూడకుండానే వెనక్కి చెయ్యి చాపేవాడు. హారిక ఆయప్ప జేబులో నుంచి టెస్టర్ తీసి ఆ చేతిలో పెట్టేది. ఎవరినీ తాకని పిల్ల అది. తల్లి దువ్వెన పెడితే గూడ మెడ తిప్పుకునేది. ఒకసారి నేనూ ఆశకు పోయి చెయ్యి చాపినా. ఆ పిల్ల నా చేతిని చూసింది, టెస్టర్‌ను చూసింది, దాన్ని మళ్ళా మామ జేబులో పెట్టేసింది. తల్లులంతా ఒక్కటే నవ్వు. నాకు నిజంగా కష్టమేసింది, ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

మామ పోయిన వారం శుక్రవారం ఓబులమ్మ పిల్లను తీసుకోనొచ్చింది. హారిక గడప దగ్గర నిలబడింది. మామ కూర్చునే స్టూలు చూసింది. స్టూలు పైన మేకుకు, టెస్టర్‌తో సహా ఆయప్ప సంచి తగిలించి ఉంది, అత్త పంపించింది, ఇవి నీ గదివే టీచరమ్మా అని. ఆ పిల్ల సంచిని గూడ చూసింది. లోపలికి రాలేదు. గంటసేపు నిలబడి, తర్వాత బయటి గోడకు తల కొట్టుకునేది మొదలుపెట్టింది. నేను రా బంగారూ, రా తల్లీ, ఇదిగో గొర్రెపెట్టె చూడు అని పిలుస్తానే ఉన్నా. పెడలు నేనే తొక్కి చూపించినా. లైట్లన్నీ వేసినా. ఎంత పిలిస్తే అంత వెనక్కి పోయింది. మంగళవారం గూడ అంతే. ఇంట్లో చిన్న పెట్టెను గూడ ముట్టడం లేదని, రెండుసార్లు బాయి దాకా పోయిందని ఓబులమ్మ చెప్పింది. కట్టేయాల్సిందేనేమో అనే మాట అప్పుడే అనింది. పాత చీర గూడ చింపి పెట్టుకునిందంట.

బుధవారం అనంతపురం నుంచి ఇట్లాంటి సామాను అమ్మే ఒకాయన్ని పిలిపించినా. ఆయన గదంతా చూసి, కుట్టుమిషన్ పెడళ్ళు ఎందుకు మేడం, ఇదంతా తీసేసి ఒక పెద్ద తెర పెట్టేద్దాం, అన్నీ దాంట్లోనే వస్తాయి, వాన గూడ వస్తాది అన్నాడు. వాన అంటానే నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపు గూడ వచ్చింది. అయినా, నిజం చెప్తాండా, సరే అనబోయినా. నాకు పెడలు బాగు చేసేది రాదు. పెట్టెలు విప్పేది రాదు. మామ లేని గదిని నేను ఎన్ని రోజులు బతికించుకోగలను? శనివారం చెప్తాలేండి అని ఆయన్ని పంపించినా.

నిన్న శుక్రవారం. ఓబులమ్మ వచ్చి వసారాలో కూర్చునింది. హారిక గడప దగ్గర నిలబడింది. నేను నోరు తెరవబోయి ఆగినా. గది ముందు పలికితే బిడ్డకేం పని? రెండు వారాలుగా పలుకుతా ఉన్నది గది కాదు, నేనే. ఆ మైక్‌సెట్టు నేనే.

లైట్లన్నీ ఆర్పేసినా. కిటికీలో నుంచి వచ్చే ఎండ చాలు. పోయి గొర్రెపెట్టె పక్కన నేల మీద కూర్చోని, కంబళి మీద అరచెయ్యి పెట్టుకోని ఊరికే ఉన్నా. ఊరికే ఉండేది నాకు ఎంత కష్టమో నన్ను తెలిసినవాళ్ళకు తెలుసు. కాళ్ళు తిమ్మిరెక్కినాయి. లేద్దాం, ఏదన్నా చేద్దాం అని పదిసార్లు అనిపించింది. గడప పక్క చూడగూడదని రేకుల కేసి చూస్తా కూర్చున్నా. ఎంతసేపయ్యిందో తెలీదు.

మెల్లగా పెడలు చప్పుడయ్యింది. నా చేతి కింద పెట్టె కదిలింది.

హారిక లోపల ఉంది. కాలు పెడలు మీద ఉంది, చెయ్యి మాత్రం కుడి చెవి మీద ఉంది. మొహం నొప్పితో ముడుచుకోని ఉంది. నాకు ఏం వినపడలేదు. ఎంత చెవి రిక్కించినా ఏం లేదు. ఇన్ని రోజులు ఆ పిల్ల మామ కోసమే లోపలికి రావడం లేదనుకున్నా. మామ లేక నొప్పి తీసేవాళ్ళు లేరని రాలేదేమో, ఎవరికి తెలుసు. నేను మోకాళ్ళ మీద జరిగి పెట్టె కుడి పక్కన అరచెయ్యి పెట్టినా. ఏం లేదు. కొంచెం కిందికి జరిపినా. ఆడ తగిలింది. పిడికిట్లో ఈగను పట్టుకుంటే కొట్టుకునేట్టు, సన్నగా, ఆగకుండా. మామకు తెలిసేది ఇట్లనా అనుకున్నా. తప్పయిపోయింది మామా అని బయటికే అనేసినా. ఓబులమ్మకు వినపడిందో లేదో తెలీదు.

వెనక్కి తిరిగి చూస్తే ఏడుస్తానని తెలుసు. చూడలేదు. మామ మాదిరే వెనక్కి చెయ్యి చాపినా.

స్టూలు జరిగిన చప్పుడయ్యింది. మేకు మీద నుంచి సంచి తీసిన చప్పుడయ్యింది. నా చేతిలో టెస్టర్ పడింది. నా వేళ్ళను ఒక్కొక్కటే మడిచి, ఆ పసుప్పచ్చ పిడి చుట్టూ మూసింది ఆ పిల్ల.

ఏ మర తిప్పాలో నాకు తెలీదు. ఆ పక్కన వరసగా ఆరు ఉన్నాయి. హారిక మళ్ళా పెడలు మీద కాలు, చెవి మీద చెయ్యి పెట్టి నా భుజం పక్కనే నిలబడి చూస్తాంది. పై నుంచి ఒక్కొక్కటే బిగిస్తా వచ్చినా. నాలుగోదానికి ఆ చెయ్యి చెవి మీద నుంచి దిగింది.